గుళ్లు ముద్దు... మనుషులు చేదు!

కోల్‌కతాలోని పాత చైనా పేట టిరెట్టి బజార్‌లో చైనా గుళ్లు చూపించే హెరిటేజ్ వాక్‌లకు మంచి గిరాకీ ఉంది. ఆదివారం తెల్లారేసరికి వేడివేడి మోమోలు, చేపముద్దల సూప్ లాగించి, 1905 నాటి సీ ఇప్ గుడికి వెళ్లొచ్చు. బోర్డు మీద చర్చి అని రాసుంటుంది, లోపల గ్వాన్‌యిన్ దేవత కొలువై ఉంటుంది. అగరొత్తుల పొగలో సెల్ఫీ బాగా వస్తుంది. పర్యాటకులొస్తే గుళ్లకు నాలుగు డబ్బులొస్తాయన్న వాదనా కొట్టిపారేసేది కాదు. కానీ అక్కడ దీపం పెట్టేవాళ్లేరీ?

కోల్‌కతాలో చైనా మూలాలున్నవాళ్లు ఒకప్పుడు ఇరవై వేల దాకా ఉండేవారంటారు. ఇప్పుడు రెండు వేలకు అటూఇటూ. ఊరికే పోలేదు వాళ్లు. 1962 యుద్ధం రాగానే చైనా మూలాలున్న దాదాపు 3 వేలమందిని, ముఖ్యంగా అస్సాం, ఉత్తర బెంగాల్ నుంచి, పిల్లాజెల్లా అని చూడకుండా రైలెక్కించి రాజస్థాన్‌లోని దేవ్లీ శిబిరంలో పడేశారు. కేసు లేదు, విచారణ లేదు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే మగ్గారు. బయటికొచ్చాక చాలామందికి ఇల్లూ లేదు, దుకాణమూ లేదు. ఎందరో కెనడా దారి పట్టారు. ఆరు దశాబ్దాలు దాటినా ఏ ప్రభుత్వమూ క్షమాపణ చెప్పలేదు. వారసత్వం, వైభవం అని మురిసే నోళ్లు దేవ్లీ పేరెత్తవు.

పోనీ, అది పాత కథా? 2020లో గల్వాన్ ఘర్షణ జరగ్గానే ఓ కేంద్ర మంత్రి చైనీస్ హోటళ్లు మూసేయాలన్నారు. కోల్‌కతాలోని మరో చైనా పేట టాంగ్రాలో పుట్టి పెరిగినవాళ్లు భారత సైన్యానికి మద్దతంటూ ప్లకార్డులు పట్టుకుని రోడ్డెక్కాల్సి వచ్చింది. వారెన్ హేస్టింగ్స్ కాలంలోనే టాంగ్ అచ్యూ అనే చైనా వ్యాపారి వచ్చి హుగ్లీ ఒడ్డున చెరకు సాగు మొదలుపెట్టాడు. రెండు శతాబ్దాలు దాటాక కూడా దేశభక్తి సర్టిఫికెట్ చూపించమనడమేంటి? టాంగ్రాలో చైనీయులు కాళికకు మొక్కి నూడుల్స్ ప్రసాదం పంచుతారు. ఇంతకంటే ఎలా కలిసిపోవాలి?

మనమూ తక్కువేం తినలేదు. మన సందు చివరి బండి మీది మంచూరియాకు ఆద్యుడు కోల్‌కతా చైనా కుటుంబంలో పుట్టిన నెల్సన్ వాంగ్ అని చెబుతారు. ప్లేట్లకు ప్లేట్లు ఖాళీ చేసే మనం, ఈశాన్య రాష్ట్రాల పిల్లలు కనిపిస్తే ‘చింకీ’ అనడం మానామా?

టూంగ్ ఆన్ అనే మరో చైనా గుడికి రంగులు వేయించాలని ఉపన్యాసాలిచ్చే పెద్దలు, దేవ్లీ బాధితుల్లో మిగిలిన నలుగురూ బతికుండగానే పార్లమెంటులో క్షమాపణ చెప్పించండి. అది చేతకాకపోతే ఆ గుళ్ల ముందు ఫొటోలు దిగడం మానండి.