ఖాళీ చేసి లెక్క పెడతారా?

ఒక్క పిల్లాడూ చేరని బడులు 2024-25లో దేశం మొత్తం మీద 7,993 అని కేంద్ర విద్యాశాఖ తేల్చింది. అందులో 2,245 తెలంగాణలోనే ఉన్నాయి. పశ్చిమ బెంగాల్ తర్వాత మనమే. ఈ అంకె బయటపడిన ప్రతిసారీ వినిపించే మందు ఒక్కటే: విలీనం, అంటే ఆ బడిని మూసి పక్క బడిలో కలిపేయడం.

ముందు ఆ సున్నా ఎలా వచ్చిందో చెప్పాలి. చిన్న పట్టణంలో ఏ బస్తీ బడికి వెళ్లినా కథ ఒకటే. ప్రైవేటు బడి మూడేళ్ల పిల్లను నర్సరీలో చేర్చుకుంటుంది. సర్కారు బడి ఒకటో తరగతి దాకా ఆగమంటుంది. 2025లో కొన్ని బడుల్లో పూర్వ ప్రాథమిక తరగతులు మొదలుపెట్టారు, మిగతా బడుల సంగతేమిటి? వేసవిలోనే ప్రైవేటులో ఫీజు కట్టేసిన తల్లి దగ్గరకు జూన్‌లో సర్కారు బడిలో చేర్పించమని 'బడిబాట' అంటూ వెళితే ఏం లాభం? ఐదో తరగతికి వచ్చేసరికి చురుకైన పిల్లలను ప్రభుత్వ గురుకులాలే తీసుకుపోతాయి. మిగిలిన పదిహేను ఇరవై మందికి, ఐదు తరగతులకు కలిపి ఒక్క టీచరమ్మ. ప్రాథమిక బడిలో అరవై మంది లోపున్నా ఇద్దరు టీచర్లు ఉండాలన్నది 2009 విద్యాహక్కు చట్టం. ఉన్న ఆ ఒక్కరినీ బడిలో ఉండనిస్తున్నారా? 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు ప్రాథమిక బడుల్లో పాఠాలు చెప్పే ఎస్‌జీటీలను (సెకండరీ గ్రేడ్ టీచర్లను) పంపి, ప్రాథమిక బడులను మూడు వారాలు ఒంటిపూటకు కుదించింది ప్రభుత్వమే. ఏ తల్లి ఆగుతుంది? పసుపు బస్సు ఇంటి ముందుకే వస్తోంది.

నలుగురు పిల్లలున్న చోట చదువు సాగదు, కలిపితే తరగతికో టీచర్ దొరుకుతారనే వాదన ఉంది. కాగితం మీద సరే. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117 కింద మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించారు. 2025లో ఆ జీవోనే రద్దు చేసుకున్నారు. మధ్యలో దూరమైన పిల్లలను ఏ జీవో వెనక్కి తెస్తుంది?

మా భయం ఒక్క బడి గురించి కాదు. సంఖ్య తక్కువైతే మూసేయవచ్చని ఒకసారి అలవాటు పడితే, సంఖ్య తగ్గించడం చాలా తేలిక. ఒక టీచర్‌ని డిప్యుటేషన్ మీద పంపితే చాలు, రెండేళ్లలో బడి ఖాళీ అవుతుంది. ఇవాళ సున్నా ఉన్న బడి, రేపు పది మంది ఉన్నది, ఎల్లుండి ముప్పై మంది ఉన్నది. టీచర్ లేక పిల్లలు పోతారు, పిల్లలు లేరని టీచర్‌ని తీస్తారు, ఇద్దరూ లేరని తాళం వేస్తారు. కిలోమీటరు లోపు బడి అన్న హామీ ఎవరి కోసం రాసుకున్నట్టు? ఆటో ఛార్జీ పెట్టుకోలేని కూలీ కుటుంబానికి ఆ తాళమే చదువుకు ముగింపు, ముఖ్యంగా ఆడపిల్లకు.

విలీనం ఫైలు కదిపే అధికారులారా, ఆ బడిలో గత ఐదేళ్లలో ఎన్ని రోజులు టీచర్ లేరో అదే ఫైలులో రాయండి. రాయలేకపోతే సంతకం పెట్టకండి.