గిరీష్ కర్నాడ్ నాటకాలు మానేశారన్నది అబద్ధం

బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు పదే పదే తిరుగుతోంది. కన్నడ నాటక రచయిత, నటుడు గిరీష్ కర్నాడ్ సినిమా వేషాల కోసమే నాటకాలు రాయడం మొదలుపెట్టారట. వేషాలు దొరికాక రాయడం మానేశారట. చివరికి డబ్బు కోసం తెలుగు, తమిళ సినిమాల్లో విలన్‌గానో తండ్రిగానో మిగిలిపోయారట. ‘శంకర్ దాదా ఎం.బి.బి.ఎస్.’లో చిరంజీవి తండ్రిగా మాత్రమే ఆయన్ని చూసినవాళ్లు ఇది నమ్మేస్తున్నారు. నాకు బాధ కలిగింది అందుకే.

మొదటి మాటకి సంవత్సరాలే జవాబు చెబుతాయి. ఆయన నాటకం ‘యయాతి’ 1961లో వచ్చింది, ‘తుగ్లక్’ 1964లో. ‘తుగ్లక్’ నాటికి ఆయన మద్రాసులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌లో ఉద్యోగం చేస్తున్నారు. తెర మీదికి వచ్చింది 1970లో, ‘సంస్కార’ అనే కన్నడ సినిమాతో. అందులో ప్రాణేశాచార్యులుగా నటించడమే కాదు, స్క్రీన్‌ప్లే కూడా ఆయనే రాశారు.

రాయడం మానేశారనడం మరీ అన్యాయం. ‘హయవదన’ నాటకం సినిమాల్లోకి వచ్చాక రాసిందే. 1988లో ‘నాగమండల’ రాశారు. మొగుడి రూపంలో రాత్రిళ్లు వచ్చే పాము, ఆ పామునే పట్టుకుని ఊరి ముందు ప్రమాణం చేసే ఆడమనిషి: ఈ జానపద కథలోంచి ఆయన పెళ్లి, శీలం గురించి ఎన్ని ప్రశ్నలు లాగారో! 1990లో ‘తలెదండ’. పన్నెండో శతాబ్దపు సంస్కర్త బసవన్న కాలంలో కళ్యాణ పట్టణంలో జరిగిన కులాంతర వివాహం, దాని వెంట వచ్చిన రక్తపాతం అందులో ఉన్నాయి. 1994లో ‘ప్రేమికుడు’లో గవర్నర్‌గా మనల్ని భయపెట్టారు కదా, ఆ రోజుల్లోనే భారతంలోని యవక్రీతుడి కథతో ‘అగ్ని మత్తు మళె’ రాశారు. జ్ఞానపీఠం 1998లో వచ్చింది.

డబ్బు కోసం నటించారా? నటించారు. ఆ సంగతి ఆయనెప్పుడూ దాచలేదు. నాటకాలు రాసి బతకడం కష్టమైన దేశంలో అది తప్పెలా అవుతుంది? పైగా అన్నీ డబ్బు వేషాలే కావు. జంధ్యాల తీసిన ‘ఆనంద భైరవి’లో ఆ కూచిపూడి గురువుని చూసినవాళ్లు ఆ మాట అనలేరు.

2018లో, ఊపిరితిత్తుల జబ్బుతో ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని తిరుగుతున్న రోజుల్లో, ఆయన ‘రాక్షస తంగడి’ నాటకం ప్రచురించారు. అళియ రామరాయలు, 1565 యుద్ధం, విజయనగర పతనం దాని కథావస్తువు. అప్పటికి ఆయన వయసు 80.