కదలని ప్రేక్షకుడు కావలెను

బొమ్మను చూస్తున్న మనిషిని బొమ్మగా వేయడం కళాలోకంలో గౌరవనీయమైన పని. అమెరికాలో కారిన్ జూరిక్ అనే చిత్రకారిణి మ్యూజియం సందర్శకులను ఎన్నో చిత్రాల్లో వేసింది. అంతకుముందే, 1962లో, నార్మన్ రాక్‌వెల్ ఒక పత్రిక కోసం బూడిదరంగు సూటు పెద్దమనిషిని వేశాడు. ఆయన ఎదుట రంగులు చిలకరించిన పెద్ద కాన్వాసు, మన వైపు ఆయన వీపు. ముఖచిత్రమే గానీ అందులో ముఖం లేదు.

ఈ సంగతి హనుమకొండలో డ్రాయింగు మాస్టారుగా ఉన్న మా మేనల్లుడి చెవిన పడింది. "మామయ్యా, మన దగ్గర కూడా ఇలాంటివి రావాలి" అన్నాడు. తప్పకుండా రావాలన్నాను. అప్పటికింకా రంగులకు డబ్బులు అడగలేదు.

మొదట వేయిస్తంభాల గుడికి వెళ్లాడు. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి, అద్దంలా మెరిసే నల్లరాతి స్తంభాలు. సాయంత్రానికి ఖాళీ కాన్వాసుతో తిరిగొచ్చాడు. ఒక్క వీపూ దొరకలేదట. మనవాళ్లు స్తంభానికి వీపు, ఫోనుకు ముఖం చూపిస్తున్నారు. శిల్పాన్ని ఫోనులో ఇంటికి తీసుకుపోయి తీరిగ్గా చూద్దామనే సదుద్దేశమే అది. ఎనిమిది వందల ఏళ్లకు పైగా అక్కడే ఉన్న రాయి ఎక్కడికి పోతుంది? నమ్మకమంటే ఇదీ. విదేశీయులకు కళ మీద ఇంత నమ్మకం లేదు కనుకనే నిలబడి చూస్తారు.

రెండో రోజు చిక్కు మరొకటి. వాస్తవిక చిత్రానికి మనిషి కాసేపు కదలకుండా ఉండాలి. మావాడు భుజం గీత గీసేలోగా ఆ భుజం చెప్పుల స్టాండు దగ్గర ఉంటోంది. ఈలోగా మావాడి వెనకే పాతికమంది చేరారు. స్తంభాలను చూడనివాళ్లు, స్తంభాలను గీస్తున్నవాడిని కన్నార్పకుండా చూశారు. "ఆకాశం ఇంకాస్త నీలంగా వేయండి" అని ఒకాయన సలహా. "షాపు బోర్డులు కూడా రాస్తారా?" అని ఇంకొకాయన బేరం. కావలసిన ప్రేక్షకులందరూ ఉన్నారు, అయితే మావాడి వీపు వెనక.

మనవాళ్లకు చూడటం చేతకాదని ఎవరూ తొందరపడొద్దు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు చూడండి. లోపలి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి వెళ్లే ఆ కొన్ని క్షణాల కోసం జనం ముందే చేరి తల ఎత్తి ఎదురుచూస్తారు. మన శిల్పాలు అలా గంట కొట్టవు. ఇది కాకతీయుల వైపు లోపమే తప్ప ప్రజలది కాదు. ఆ మాటకొస్తే కథల పటాలు వేసే చేర్యాల నకాషీ చిత్రకారులకు ఈ రహస్యం ఎప్పుడో తెలుసు. పదుల అడుగుల పటం గీసి, దాన్ని కథ చెప్పేవాడి చేతికిచ్చారు. కథకుడు ఒక్కో బొమ్మా విప్పుతూ పాడుతుంటే ఊరంతా రాత్రుళ్లు కూర్చుని చూసింది. పటం మధ్యలో లేచిపోతే మిగతా కథ తెలియదు మరి.

చివరికి మావాడు పాలంపేట వెళ్లాడు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అప్పటినుంచి అక్కడి మదనికలనే రాతి సుందరాంగులకు మన వీపుల దర్శనం మరీ ఎక్కువైంది. కానీ గుడికి ఎదురుగా ఒకాయన దొరికాడు. చెవులు రిక్కించి, తల కాస్త పక్కకు తిప్పి, పిలిస్తే లేచేలా కూర్చుని, అన్ని శతాబ్దాలుగా గుడినే చూస్తున్నాడు. చేతిలో ఫోను లేదు. మావాడు మూడు రోజులు కూర్చుని ఆ నందిని వెనకనుంచి వేశాడు. మేనమామను కనుక అనకూడదు గానీ, ఆ మూపురం మీద పడ్డ ఎండ చూస్తే నాకే మాట రాలేదు.

పూర్వం జోహన్ సోఫానీ అనే ఆయన ఇంగ్లండు రాణి కోసం ఫ్లోరెన్సు చిత్రశాలను వేస్తూ, ఊరూ పేరూ తెలిసిన పెద్దమనుషుల్ని గుంపుగా అందులో కూర్చితే ఆమెకు నచ్చలేదంటారు. మా వేలువిడిచిన బావగారి ఫిర్యాదు దానికి సరిగ్గా తలకిందులు. కొత్త ఇంటి హాల్లోకి పటం కావాలని వచ్చి, నంది బొమ్మను అటూ ఇటూ చూసి, "బాగానే ఉంది, ఇందులో మేమేరీ?" అన్నారు. పక్కన తననూ అక్కయ్యనూ ఇటు తిరిగి నిలబడినట్టు వేస్తే కొంటారట. మావాడు అడ్వాన్సు తీసుకున్నాడు. బావగారి చెయ్యి నంది మెడ మీద వేయాలా వద్దా అన్నదొక్కటే ఇంకా తేలలేదు.