మూడేళ్ళ ఆఫరు, మాగాయ పాస్‌వర్డు

2013 వేసవి. ఆవకాయ సీజన్ మధ్యలో తెనాలి నుంచి మావయ్య ఫోను. "ఏరా అల్లుడూ, మన పచ్చళ్ళ షాపుకి వెబ్‌సైటు పెడదామనుకుంటున్నా. నువ్వేదో పాము భాష నేర్చుకున్నావటగా, చేసిపెట్టు."

పొంగిపోయాను. నిజానికి నేను పైథాన్ అనే ఆ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నది దాని మీద ప్రేమతో కాదు. 2008లో, మన ప్రోగ్రాములని గూగుల్ సర్వర్ల మీద నడిపిపెట్టే గూగుల్ యాప్ ఇంజిన్ మొదలైనప్పుడు అందులో పైథాన్ ఒక్కటే నడిచేది. ఊరికే వస్తుంది కదా అని నేర్చుకున్నాను. ఆ సంగతి ఇంటర్వ్యూల్లో చెప్పను.

నెల్లాళ్ళు ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిళ్ళు కూర్చుని, పైథాన్‌లో సైట్లు కట్టే పనిముట్టు జాంగోలో సైటు కట్టాను. అప్పుడే కొత్తగా వచ్చిన 1.5 వెర్షన్. గోంగూర, దోసావకాయ, మాగాయ, పావుకిలో, అరకిలో, కారం ఎక్కువా తక్కువా, అన్నీ పెట్టాను. డేటాబేసు పాస్‌వర్డు సెట్టింగ్స్ ఫైల్లో రాయమంది. ఎవరు చూడొచ్చారులే అని, ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీల్లేకుండా "అత్తయ్యమాగాయలోఉప్పెక్కువ" అని కొట్టాను. మర్చిపోయే ప్రమాదం లేదు, పైగా నిజం.

"మావయ్యా, ఇక హోస్టింగ్ కొనాలి, అంటే సైటు పెట్టుకోవడానికి సర్వర్లో చోటు" అన్నాను.

"కొనేశాగా! మూడేళ్ళకి ఒకేసారి కడితే సగం రేటన్నారు."

మామిడికాయ ముక్క కొరికి చూడందే బేరం మొదలుపెట్టని మనిషి, హోస్టింగ్ మాత్రం కళ్ళు మూసుకుని కొనేశాడు.

సరే, ఫైళ్ళు పంపడానికి వాడే ఎఫ్‌టీపీ తెరిచి అన్నీ సర్వర్లోకి తోశాను. సైటు తెరిస్తే పచ్చళ్ళు లేవు, తెల్లటి పేజీ మీద నా ఫైళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. కంపెనీవాళ్ళతో చాట్‌లో కూర్చున్నాను.

"మీ ప్యాకేజీలో పైథాన్ ఉంది సార్."

"ఏ వెర్షన్?"

"2.4 సార్."

అది 2004లో వచ్చింది. నా జాంగోకి కనీసం 2.6 కావాలి. కొత్తది వేయమంటే కుదరదన్నాడు, ఆ ఒక్క సర్వర్లో వందల సైట్లున్నాయట. పోనీ నా ప్రోగ్రాం ఒకటి ఎప్పుడూ నడుస్తూ ఉండనివ్వండి అన్నాను. "అలాంటివి ఇలా అందరూ పంచుకునే షేర్డ్‌లో ఒప్పుకోం సార్, మీకొక్కరికే వేరే సర్వర్లా ఉండే వీపీఎస్ తీసుకోండి. పీహెచ్‌పీ భాషలో రాస్తే ఇందులోనే నడుస్తుంది."

అతన్ని తిట్టుకున్నాను కానీ, అతని బాధా న్యాయమే. పీహెచ్‌పీ పెళ్ళి భోజనానికి వచ్చినవాడి లాంటిది. బంతిలో కూర్చుంటుంది, తింటుంది, ఆకు మడిచి లేచిపోతుంది. ఆ చోటు తర్వాతి బంతికి ఖాళీ. జాంగో అలా కాదు, వచ్చిందంటే మంచం వేసుక్కూర్చునే చుట్టం. వందమంది ఉండే సత్రంలో ఎవరికి చోటిస్తారు? 1994లో రాస్మస్ లెర్డార్ఫ్ తన బయోడేటా ఎంతమంది చూస్తున్నారో లెక్కపెట్టుకోవడానికి రాసుకున్న చిన్న పనిముట్టు పీహెచ్‌పీ. చవక హోస్టింగ్ ఉన్న ప్రతిచోటా అదే కూర్చుంది.

ఇలా చాట్‌లో గంటన్నర వాదించాను. ఆ గంటన్నరా ఫైళ్ళు అక్కడే బార్లా తెరిచి ఉన్నాయన్న ధ్యాసే లేదు. ఫోను మోగింది.

"అల్లుడూ, సైటొచ్చిందిరా! షాపులో అందరం చూస్తున్నాం. పచ్చళ్ళ బొమ్మలేవీ లేవు గానీ, సెట్టింగ్స్ అని ఉంటే నొక్కాం. ఏదో ఇంగ్లీషులో చాలా ఉంది."

నా గుండె జారింది. "మావయ్యా, అది మూసేయండి."

"ఆగరా, మీ అత్తయ్య చదువుతోంది."

కాసేపు ఫోనులో మిక్సీ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత అత్తయ్య గొంతు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ: "అత్తయ్య... మాగాయలో... ఉప్పు..."

ఫోను పెట్టేశాను. ముందు ఫైళ్ళు తీసేశాను, తర్వాత పాస్‌వర్డు మార్చాను. శుక్రవారం రాత్రి పీహెచ్‌పీ పట్టుకుంటే ఆదివారం సాయంత్రానికి షాపు లేచింది. ఒక్క ఫైలు పడేసి పేజీ తెరిస్తే చాలు, నడిచింది. నెల్లాళ్ళ జాంగో రెండు రోజుల్లో అటకెక్కింది. తెలుగులో రాసిన పచ్చళ్ళ పేర్లన్నీ మొదట ప్రశ్నార్థకాలుగా వచ్చాయి, డేటాబేసు లాటిన్ అక్షరాలకి సెట్ చేసి ఉందట. ఓ కస్టమరు మాత్రం "అరకిలో ?????" ఆర్డరిచ్చాడు. మావయ్య గోంగూర పంపాడు. ఫిర్యాదు రాలేదు.

అత్తయ్య ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. ఏటా పంపినట్టే ఆ ఏడూ మాకు మాగాయ జాడీ పంపింది. అందులో ఉప్పు రవ్వంత కూడా లేదు. పది రోజులకే బూజు పట్టింది.