కంటైనర్ లేస్తుంది సరే, ఏటి లెక్క ఎవరికి గుర్తుంటుంది?

"రూల్ ఇంజిన్‌ని డాకర్‌లో పెట్టేయండి, ఇక నిశ్చింత" అనే మెసేజ్‌ని పర్లాకిమిడి మిత్రులు ఒకరి తర్వాత ఒకరు పంపుతూనే ఉన్నారు. రూల్ ఇంజిన్ అంటే, వచ్చే ప్రతి సమాచారాన్నీ (ఈవెంట్‌ని) మనం రాసిన రూల్స్‌తో పోల్చి చూసే ప్రోగ్రాం. డాకర్ అంటే, ప్రోగ్రాంని కావలసినవాటితో సహా ఇమేజ్‌గా మూటగట్టి, కంటైనర్ అనే పెట్టెలో నడిపే పనిముట్టు. గుణుపురంలో కుర్రాళ్ళ చేత ప్రాజెక్టులు చేయించే ఒకాయన కూడా "చూడు బావా, ఎంత సులువో" అని పెట్టాడు. అందులో ఉన్న మాటలు ఇవి: ఇమేజ్ చిన్నదైతే రూల్స్ వేగంగా నడుస్తాయి, ఇమేజ్‌కి వెర్షన్ నంబరు బదులు లేటెస్ట్ అనే ట్యాగ్ పెడితే ఎప్పుడూ కొత్తదే, ఇంజిన్‌కి ఎన్ని కాపీలు పెడితే అంత వేగం, ప్రోగ్రామింగ్ రానివాళ్ళూ రూల్స్ రాయొచ్చు, కంటైనర్ పడిపోయినా తనంతట తానే లేస్తుంది గనక ఒక్క ఈవెంటూ పోదు. ఈ చివరిది చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఇమేజ్ సైజు డౌన్‌లోడ్‌కి పనికొస్తుంది, రూల్ వేగానికి దానితో పని లేదు. లేటెస్ట్ అనేది నిలకడ లేని పేరు. అలర్ట్ ఆగిపోయిన రాత్రి ఏ వెర్షన్ నడుస్తోందో ఎవరూ చెప్పలేరు. నంబరు వేసుకోండి, చాలు.

ఇప్పుడు అసలు సంగతి. వంశధారలో కాశీనగరం దగ్గర నీటిమట్టం పావుగంటకోసారి ఈవెంట్‌గా వస్తోందనుకోండి. 3 గంటల్లో 100 సెంటీమీటర్లు పెరిగితే దిగువ ఊళ్ళకి మెసేజ్ వెళ్ళాలన్నది రూల్. 9:30 నుంచి 11:00 లోపు 60 పెరిగింది. అప్పుడే కంటైనర్ పడింది, నిమిషంలో లేచింది. 12:30కల్లా మరో 50 పెరిగింది. ఏటిలో పెరిగింది 110, ఇంజిన్ చూసింది 50 లోపే. మెసేజ్ వెళ్ళదు. లాగ్‌లో ఒక్క ఎర్రరూ కనబడదు.

డ్రూల్స్ అనే జావా రూల్ ఇంజిన్ లాంటిది ఆ మూడు గంటల రీడింగులని, అంటే విండోని, మెమరీలోనే ఉంచుకుంటుంది. కంటైనర్ పడితే అదీ పోతుంది. ఈవెంట్లని వరసగా దాచి ఇంజిన్‌కి అందించే కాఫ్కాలో అవన్నీ భద్రంగానే ఉన్నాయి. కానీ 11:00 వరకు చదివేసినట్టు ఆఫ్‌సెట్ (ఎంతవరకు చదివామో చెప్పే గుర్తు) కమిట్ అయిపోయింది కాబట్టి, లేచిన కంటైనర్ 11:15 నుంచే చదువుతుంది. పోనీ, ఎప్పుడోగానీ పడదు కదా అంటారా? వాన దంచే రోజునే ఈవెంట్లు ఎక్కువ, విండో బరువూ ఎక్కువ. 1 జీబీ ఇచ్చిన కంటైనర్‌లో మనమేమీ చెప్పకపోతే జావా హీప్‌కి (డేటా ఉంచుకునే మెమరీకి) తీసుకునేది పావు వంతే, 256 ఎంబీ. అది చాలక హీప్‌ని చూసుకోకుండా పెంచేస్తే, లిమిట్ దాటగానే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) దాన్ని చంపేస్తుంది, 137 కోడ్‌తో. అంటే ఏరు పొంగే వేళే పడుతుంది. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లా ఏమైందో మనకి ఒకరు చెప్పాలా?

లేవగానే కాఫ్కాలో మూడు గంటలు వెనక్కి వెళ్ళి, ఇంజిన్ గడియారాన్నీ అంతే వెనక్కి తిప్పి, ఆ ఈవెంట్లన్నీ మళ్ళీ ఎక్కించాలి. టైమ్‌స్టాంప్ ఏ ఫీల్డో డ్రూల్స్‌కి చెప్పకపోతే ఈవెంట్ చేరిన క్షణాన్నే వేసుకుంటుంది. సిగ్నల్ పోయి రాగానే రీడింగులు గుంపుగా వచ్చి పడే కొండ ప్రాంతం మనది, కాబట్టి రీడింగ్ తీసిన సమయమే ఇవ్వాలి. పాత అలర్ట్ మళ్ళీ వెళ్ళకుండా ప్రతి అలర్ట్‌కీ ఒక కీ (గుర్తింపు పేరు) పెట్టి, పంపినవాటిని కంటైనర్ బయట డేటాబేస్‌లో రాసుకోవాలి. ఒకే హెచ్చరిక రెండుసార్లు వచ్చిన ఊళ్ళో, ఆ తర్వాత వచ్చే అసలుదాన్ని ఎవరు నమ్ముతారు? ఇందులో ఏ ఒక్కటీ ఆ మెసేజ్‌లో లేదు. లేకపోయినా "నిశ్చింత" అని రాయడానికి మనసెలా ఒప్పిందో!

కాపీల మాటా అంతే. కాఫ్కాకి పంపే ఈవెంట్‌లో నీటిమట్టం కొలిచే స్టేషన్ పేరు కీగా లేకపోతే 9:30 రీడింగ్ ఒక కాపీకి, 12:30ది ఇంకో కాపీకి పోతాయి. తేడా తీసేవాళ్ళే ఉండరు. పైగా కాఫ్కాలో పార్టిషన్లు (కాపీలకి ఈవెంట్లని పంచే వరసలు) నాలుగే ఉంటే అయిదో కాపీ ఊరికే కూర్చుంటుంది.

రూల్స్ అందరూ రాయొచ్చన్న మాట మీదా గొడవకి దిగుతాననుకుంటారేమో. దిగను, అది నిజం. డ్రూల్స్ ఎక్సెల్ పట్టికనే రూల్స్‌గా చదువుకుంటుంది. ఏ మట్టానికి ఏ వీధి మునుగుతుందో ఏటిగట్టున పుట్టి పెరిగినవాళ్ళకి తెలిసినంత మనకి తెలీదు. ఆ పట్టికలో అంకెలు వాళ్ళ చేతే వేయించండి, మనం వేసినవాటికంటే మేలుగా ఉంటాయి.

మళ్ళీ ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క పని చేయండి. విండో సగంలో ఉండగా డాకర్ కిల్ కొట్టి, కంటైనర్‌ని మళ్ళీ లేపి, మిగతా రీడింగులు పంపండి. అలర్ట్ వచ్చిందా, ఒక్కసారే వచ్చిందా చూడండి. వస్తే ఆ కాన్ఫిగరేషన్ నాకు పంపండి, పదిమందికి నేనే పంచుతాను.