ఐపీ దాచినవాడే ఐపీ పెట్టాడు

ఒంగోలులో గానీ నెల్లూరులో గానీ "ఫలానా ఆయన ఐపీ పెట్టాడంట" అంటే ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పనిలేదు. ఆ ఫలానా ఆయన చీటీల వ్యాపారి కావచ్చు, రొయ్యల మేత అరువుకిచ్చే షాపాయన కావచ్చు, పదేళ్లుగా ఒకటో తారీఖుకల్లా వడ్డీ చేతిలో పెట్టిన పెద్దమనిషి కావచ్చు. ఒకరోజు తెల్లారేసరికి ఇంటికి తాళం, ఫోన్ స్విచాఫ్, గుమ్మం ముందు జనం. దివాలా పిటిషన్‌కి ఇంగ్లిష్‌లో ఉన్న రెండక్షరాలు మన దగ్గర ఎగవేతకు ముద్దుపేరైపోయాయి. ఇప్పటి కుర్రాళ్లకు మాత్రం ఐపీ అంటే వేరే, ఇంటర్నెట్‌లో ఫోన్‌కో కంప్యూటర్‌కో ఉండే చిరునామా. ఆ ఐపీని దాచిపెట్టి నడిపే అంగళ్లు చాలాసార్లు మన పాత ఐపీతోనే మూతపడుతున్నాయి. ఈరోజు మా మాట వాటి గురించే.

ఇలాంటి అంగళ్లుండే ఇంటర్నెట్ చీకటి మూల పేరు డార్క్‌నెట్. ఆ మాట అనగానే నల్ల టోపీ చొక్కా వేసుకున్న ఒకడు, తెరమీద జారిపోయే పచ్చటి అంకెలు గుర్తొస్తాయి. ఈ భయమూ ఈ మోజూ రెండూ ఆ వ్యాపారులకే లాభం. అందుకని ఒక సంతను ఊహించుకుని, అది పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా మన మాటల్లో చెప్పుకుందాం. సంత మేం కల్పించిందే. అందులో జరిగేవి మాత్రం ఎక్కడో ఒకచోట నిజంగా జరిగాయి, ఆ ఆధారాలు కూడా దారిలోనే ఇస్తాం.

చదువుకున్న కుర్రాడొకడు సంత పెట్టాడు. అమ్మేవాళ్లు లేకపోతే కొనేవాళ్లు రారు, కొనేవాళ్లు లేకపోతే అమ్మేవాళ్లు రారు, కాబట్టి మొదటి సరుకు వాడే పెట్టుకోవాలి. 2011లో సిల్క్ రోడ్ అనే డార్క్‌నెట్ సంత తెరిచిన రాస్ ఉల్‌బ్రిక్ట్ అనే అమెరికన్ అలాగే మత్తు పుట్టగొడుగులు తనే పెంచి అమ్మకానికి పెట్టాడు. ఆ సంతకు దారి టార్, అంటే వాడేవాడి ఐపీ బయటపడకుండా దాచే సాఫ్ట్‌వేర్. దాని మూలాలు అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో ఉన్నాయి. టార్ వాడినంత మాత్రాన నేరం ఏమీ కాదు, బీబీసీకి కూడా అందులో ఒక చిరునామా ఉంది, సెన్సార్‌షిప్ ఉన్న దేశాల్లో వార్తలు చదువుకునేవాళ్లకు అదొక కిటికీ. డబ్బు చెల్లించడానికి బ్యాంకుతో పనిలేని డిజిటల్ డబ్బు, బిట్‌కాయిన్ ఉండనే ఉంది.

ఇక నమ్మకం సంగతి. టంగుటూరు వేలం కేంద్రంలో పొగాకు కొనేవాడు బేలు ముందు నిలబడి, ఆకు చేత్తో పట్టి, రంగు చూసి ధర చెబుతాడు, తేడా వస్తే అడగడానికి బోర్డు ఉంది. ఇక్కడ సరుకు కనపడదు, మనిషి కనపడడు, తేడా వస్తే అడిగే నాథుడు లేడు. అందుకే కొన్నవాడి డబ్బు నేరుగా అమ్మినవాడికి పోకుండా సంత యజమాని దగ్గర ఉంటుంది. సరుకు అందిందని కొన్నవాడు చెప్పాక యజమాని తన కమీషన్ కోసుకుని మిగతాది అమ్మినవాడికి వదులుతాడు. దీనికి ఎస్క్రో అని పెద్దపేరు. మన పల్లెల్లో తగాదా తెగేదాకా పెద్దమనిషి దగ్గర డబ్బు కట్టిపెట్టడం ఉందే, అదే ఇది. దానికి తోడు షాపింగ్ యాప్‌లో ఉన్నట్టే స్టార్లు, రివ్యూలు, గొడవలు తీర్చడానికి జీతం మీద మనుషులు. చట్టాన్ని గాలికొదిలేసినవాళ్లు మాటమీద నిలబడటం గురించి ఇంతలా ఆరాటపడటం చూస్తే నవ్వొస్తుంది గానీ, సంత నడిచేది దాని మీదే.

సంత పెరిగింది. ఎంత పెరగొచ్చో తెలియాలంటే 2014 చివర్లో మొదలైన ఆల్ఫాబేను చూడాలి. 2017లో దాన్ని మూయించినప్పుడు అమెరికా న్యాయశాఖ చెప్పిన లెక్క ప్రకారం అమ్మేవాళ్లే 40 వేల మంది, వాడకందారులు 2 లక్షలకు పైగా. మత్తుమందులు, దొంగిలించిన కార్డు నంబర్లు, నకిలీ గుర్తింపు కాగితాలు, అన్నీ ఒకే కప్పు కింద.

ఇంత బేరం జరుగుతుంటే ఏ రోజు చూసినా యజమాని గల్లాపెట్టెలో జనం డబ్బు కుప్పగా ఉంటుంది. అచ్చం చీటీపాటాయన పరిస్థితి. నిన్నటిదాకా కమీషన్‌తో తృప్తిపడ్డ మనిషికి ఒక రాత్రి ఆ కుప్ప మొత్తం తనదే అనిపిస్తుంది. 2015 మార్చిలో ఎవల్యూషన్ అనే సంతను నడిపినవాళ్లకు అలాగే అనిపించి, దాదాపు 1.2 కోట్ల డాలర్ల విలువైన జనం బిట్‌కాయిన్లతో మాయమయ్యారు. వాళ్ల భాషలో అది ఎగ్జిట్ స్కామ్. మనకు దానికి ఎప్పట్నుంచో మాట ఉంది. ఒక తేడా మాత్రం ఉంది, చీటీ మునిగిన ఆడవాళ్లు కనీసం కలెక్టరేట్ ముందు కూర్చుని గోల చేయగలరు, కేసు పెట్టగలరు. ఇక్కడ మునిగినవాడు ఏ స్టేషన్‌కి వెళ్తాడు? "సార్, మత్తుబిళ్లలకని అడ్వాన్స్ కట్టాను, ఎగ్గొట్టాడు" అని ఏ కాగితం మీద రాసిస్తాడు?

ఐపీ పెట్టని యజమానులు పోలీసులకు దొరికారు. ఎలా దొరికారన్నదే అసలు చదవాల్సిన ముక్క, ఎందుకంటే మన హాస్టళ్లలో "అందులో కొంటే ఎవడూ పట్టుకోలేడు రా" అనే మాట తిరుగుతోంది. ఉల్‌బ్రిక్ట్ మొదట్లో సిల్క్ రోడ్‌కి ప్రచారం చేయడానికి వాడిన మారుపేరుతోనే తర్వాత ఇంకోచోట మనుషులు కావాలని రాస్తూ, తన అసలు పేరున్న ఈమెయిల్ ఇచ్చాడు. పాత రాతలు వెతికిన ఒక పన్నుల శాఖ అధికారి కంట అది పడింది. 2013 అక్టోబర్ 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పబ్లిక్ లైబ్రరీలో ల్యాప్‌టాప్ తెరిచి ఉండగానే అతన్ని పట్టుకున్నారు. ఆల్ఫాబే యజమాని అలెగ్జాండర్ కేజస్ కెనడా మనిషి, బ్యాంకాక్‌లో మకాం. సైట్‌లో చేరినవాళ్లకు వెళ్లే స్వాగత మెయిల్ వెనకాల తన సొంత హాట్‌మెయిల్ చిరునామా మొదట్లో అలాగే ఉండిపోయింది. 2017 జూలైలో అరెస్టయ్యాడు, వారానికే బ్యాంకాక్‌లో పోలీసుల నిర్బంధంలో ఉండగా చనిపోయాడు. వీళ్లు పోగేసిన సాంకేతికతంతా ఒక ఎత్తు, ఒక పాత మెయిల్ ఐడీ ఒక ఎత్తు అయింది.

ఆల్ఫాబే పోగానే జనం పోలోమని హన్సా అనే పక్క సంతకు పరిగెత్తారు. అప్పటికే ఆ హన్సాను నెదర్లాండ్స్ పోలీసులు చడీచప్పుడు లేకుండా తమ చేతిలోకి తీసుకుని నడుపుతున్నారు. దాదాపు నెల రోజులు పోలీసులే అంగడి నడిపి, పాస్‌వర్డులు, చిరునామాలు రాసుకుని జూలై 20న తలుపులు మూసేశారు. వేరే దేశాల కొనుగోలుదారుల చిరునామాలే సుమారు 10 వేలు యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్‌కు వెళ్లాయి. సారా కొట్టు మూసేశారని పక్క ఊరి కొట్టుకి పోతే గల్లాపెట్టె దగ్గర ఎస్సైగారు కూర్చుని ఉన్నట్టన్నమాట.

పోలీసుల్లో అందరూ పుణ్యాత్ములేం కాదు. సిల్క్ రోడ్ దర్యాప్తులో పనిచేసిన ఇద్దరు ఫెడరల్ అధికారులు ఆ కేసులోని బిట్‌కాయిన్లే నొక్కేసి జైలుకెళ్లారు. 2012లో సిల్క్ రోడ్ నుంచే 50 వేలకు పైగా బిట్‌కాయిన్లు కొట్టేసిన మరొకడు తొమ్మిదేళ్లు హాయిగా బతికాక, 2021లో వాడి ఇంట్లో సోదా చేస్తే కొంత నేల కింద పెట్టెలో, కొంత బాత్‌రూమ్ అల్మారాలో దుప్పట్ల కింద ఒక పాప్‌కార్న్ డబ్బాలో దొరికింది. బిట్‌కాయిన్ లెక్కల పుస్తకం ఎవరైనా చూడగలిగేది, పైగా ఎప్పటికీ చెరగనిది. దాన్ని గోప్యత అనుకుని వాడటం, నలుగురూ చదివే పుస్తకంలో మారుపేరుతో పద్దు రాయడం లాంటిది. మారుపేరు వెనక మనిషెవరో ఒక్కసారి తెలిస్తే పాత పేజీలన్నీ వాడిమీదకే వస్తాయి.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనేవాళ్లుంటారు. చెన్నైలోని విదేశీ తపాలా కార్యాలయంలో కస్టమ్స్ వాళ్లు నెదర్లాండ్స్ లాంటి దేశాల నుంచి వచ్చిన పార్సిళ్లలో ఎండీఎంఏ అనే మత్తుబిళ్లలు పట్టుకున్న సందర్భాలు ఒకటీ రెండూ కాదు. చెన్నై నెల్లూరుకు మూడు గంటల దారి, మన పిల్లలు వేలల్లో అక్కడ చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. గంజాయి కోసమైతే జాతీయ రహదారి 16 మీద టంగుటూరు, వెంకటాచలం టోల్‌గేట్ల దగ్గర కాపు కాయవచ్చు, బస్తా కనపడుతుంది, వాసన వస్తుంది. ఎల్ఎస్‌డీ అనే మత్తుమందు అయితే తపాలా బిళ్లంత కాగితం ముక్క. పెళ్లి శుభలేఖ కవర్లో ఇమిడిపోతుంది.

ఇక్కడే మన కుర్రాళ్లు తెలియక తల దూరుస్తున్నారు. మత్తుమందుల కేసులకు వాడే ఎన్‌డీపీఎస్ చట్టం తూకం చూస్తుంది. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. ఎల్ఎస్‌డీకి అదే 0.1 గ్రాము, ఒక గ్రాములో పదో వంతు! దానికి మించితే పదేళ్లకు తక్కువ కాని కఠిన శిక్ష, లక్షకు తగ్గని జరిమానా, బెయిల్ కూడా అంత సులువుగా రాదు. పైగా కలిపిన పదార్థం బరువుతో సహా లెక్కించాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్రెండ్స్ నలుగురి కోసం ఒకడి పేరు మీద, ఒకడి అడ్రస్‌కి తెప్పించిన కవర్ ఆ ఒక్కడినే ముంచుతుంది. సంత పెట్టిన ఉల్‌బ్రిక్ట్‌కు 2015లో యావజ్జీవం పడింది, 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష పెట్టి ఇంటికి పంపారు. కావలి కుర్రాడికి వైట్‌హౌస్ నుంచి ఫోన్ రాదు.

నెల్లూరు జిల్లాకు మత్తుతో కొట్లాడిన చరిత్ర ఉంది కాబట్టి చాలామంది మళ్లీ దూబగుంట రావాలంటుంటారు. 1992లో ఆ ఊరి ఆడవాళ్లు, రోసమ్మ లాంటివాళ్లు, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ నేర్చుకుంటూ సారా కొట్టు మీద పడ్డారు, ఆ మంట జిల్లా అంతా పాకి నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు, 1993 అక్టోబర్‌కల్లా రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మాకూ ఆ కథంటే గర్వమే. కానీ వాళ్లకు అడ్డం పడుకోవడానికి ఒక కొట్టు గుమ్మం ఉండేది, పాట పాడే కాంట్రాక్టర్‌కి ఒక ముఖం ఉండేది. ఈ సంతకు గుమ్మం లేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి, 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లకే సడలిపోయింది. కొట్టు మూస్తే తాగుడు ఆగుతుందన్న లెక్క అప్పుడూ పూర్తిగా కుదరలేదు, సిల్క్ రోడ్ మూశాక ఆల్ఫాబే దానికి చాలా రెట్లు పెరిగిందంటే ఇప్పుడూ కుదరలేదు.

అయితే ఈ సంతకు గుమ్మం లేకపోయినా సరుకు దిగడానికి ఒక గుమ్మం కావాలి. అది ఏ మాగుంట లేఅవుట్‌లోనో, ఏ కర్నూలు రోడ్డు పక్కనో ఉన్న పీజీ హాస్టల్ గుమ్మం, లేదా మన ఇల్లే. అక్కడ నిలబడాల్సింది అమ్మానాన్నలు, హాస్టల్ వార్డెన్, పార్సిల్ ఇచ్చే కుర్రాడు. నిలబడటమంటే పిల్లాడి ఫోన్ లాక్కోవడం, బెల్టు తీయడం అనుకుంటే మాత్రం అంతే సంగతులు, వాడు ఇంకో అడ్రస్ వెతుక్కుంటాడు.

కాలేజీల్లో అవగాహన సదస్సులు జరుగుతున్నాయి. వేదిక మీద అతిథులు, ఒక ప్రతిజ్ఞ, ఒక గ్రూప్ ఫొటో. రాష్ట్ర పోలీసుల మత్తు నిరోధక విభాగం ఈగల్ వాళ్ల 1972 నంబర్‌కి సమాచారం ఇవ్వమని చెబుతారు, ఇవ్వాల్సిందే. చెప్పనిది ఇంకోటి ఉంది. అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. మత్తుకు అలవాటుపడ్డవాడు, వాడకానికో లేక చిన్న పరిమాణానికో సంబంధించిన కేసులో ఉంటే, తనంతట తాను ముందుకొచ్చి గుర్తింపు ఉన్న చోట చికిత్స పూర్తిగా తీసుకుంటే ఆ కేసులో విచారణ నుంచి మినహాయింపు పొందవచ్చు. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ ముక్క తెలియకే తల్లిదండ్రులు పరువు పోతుందని, కేసవుతుందని టెన్షన్ పడి పిల్లాడిని గదిలో దాస్తున్నారు. డీ అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 అని ఎంతమందికి తెలుసు?

మా తప్పు కూడా ఉంది. ముఖానికి గుడ్డ కట్టిన కుర్రాళ్లను వరుసగా నిలబెట్టి, ముందు బల్లమీద పొట్లాలు పేర్చి, వెనక అధికారులు నిలబడ్డ ఫొటోలు మేమూ వేశాం, ముఖం కప్పినా ఊరు పేరు, తండ్రి పేరు కింద రాసేశాం. వాళ్లలో అమ్మినవాడెవడో వాడినవాడెవడో విడదీసి రాసింది తక్కువ. ఇకమీదట వాడకం కేసుల్లో పిల్లల ఇంటి వివరాలు మా జిల్లా పేజీల్లో రావు. రేపటి నుంచి మత్తు కేసు వార్త వచ్చిన ప్రతిసారీ దాని పక్కనే 1972తో పాటు 14446 కూడా అచ్చవుతుంది.