డెబ్భై గేట్లు, ఒక గుండు

మా అమ్మాయి నాలుగో తరగతి. స్కూల్లో "మన ఊరి కట్టడాలు" అని ప్రాజెక్టు ఇచ్చారు. ప్రాజెక్టు ఇచ్చేది పిల్లలకి, మార్కులు పడేదీ పిల్లలకే, మధ్యలో చాకిరీ మాత్రం మనది. శనివారం సాయంత్రం నేను బ్యాంకు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే చల్లగా చెప్పింది, సోమవారం ఇచ్చెయ్యాలని. ఎప్పుడిచ్చారే అంటే పది రోజులైందట.

అదృష్టం కొద్దీ నాకు ఫొటోల పిచ్చి ఉంది. ప్రకాశం బ్యారేజి ఫొటోలు నా దగ్గర రెండొందలకి పైనే ఉంటాయి. మా ఆయన అడక్కుండానే కెమెరాలోంచి కార్డు తీసుకెళ్ళి ఏలూరు రోడ్డులో నాలుగు ఫొటోలు ప్రింటు వేయించుకొచ్చారు. మనిషి తనంతట తాను కదిలి ఒక పని చేసుకొచ్చాడని నేను మురిసిపోయాను. మురిసిపోయినదాన్ని కార్డు ఎక్కడ పెట్టారని అడగలేదు.

చార్టు మీద పిల్ల ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. "ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది. పొడవు 1,223 మీటర్లు. గేట్లు 70." కింద ఫొటో అంటించబోతూ ఆగి, స్కెచ్ పెన్ను మొనతో ఒక్కొక్క గేటూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఇందులో 41 గేట్లే ఉన్నాయి."

"మిగతావి ఫొటోలో పట్టలేదమ్మా."

"మరి 70 అని రాశాంగా. టీచర్ లెక్కపెడితే?"

టీచర్ లెక్కపెట్టదని నాకు తెలుసు. ఆవిడకీ ఇంట్లో పిల్లలుంటారు, వాళ్ళకీ ప్రాజెక్టులుంటాయి. కానీ కన్నకూతురు మన ఫొటోలో 29 గేట్లు తక్కువయ్యాయంటే పౌరుషం రాదా? "రేపు పొద్దున్నే వెళ్ళి 70 గేట్లూ పట్టుకొస్తా" అనేశాను.

ఇక్కడ నా కెమెరా గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఎనిమిదేళ్ళ కిందట ఎరియర్స్ వస్తే కొన్నాను. ఆ డబ్బుకి రెండు గాజులొచ్చేవని మా అత్తగారు అప్పట్లో అన్నారు. అప్పట్నుంచీ పేపర్లో బంగారం ధర పెరిగినప్పుడల్లా ఆవిడ ఏమీ అనరు, కెమెరా బ్యాగు వైపు ఒకసారి చూస్తారు, అంతే. ఈ ఊరి ఉక్కకి లెన్సులో బూజు పడుతుందని దాన్ని ఏసీ గదిలో బీరువాలో పెడతాను. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు ఏరి దాని చుట్టూ పేరుస్తాను. అమ్మ పొట్లాల కోసమే చెప్పులు కొంటుందని మా అమ్మాయి నమ్మకం. అది పూర్తిగా అబద్ధమని నేను కూడా అనలేను.

ఆదివారం నాలుగున్నరకి లేచాను. ఏడున్నరకల్లా వచ్చి ఇడ్లీ పెట్టాలి. వారం మొత్తంలో నాది అని చెప్పుకోదగ్గవి ఆ మూడు గంటలే. చప్పుడు కాకుండా బ్యాగు భుజానికి తగిలించుకుని స్కూటీ బయటికి నెట్టుకొచ్చి, వీధి మలుపు దాటాక స్టార్ట్ చేశాను. దొంగలు కూడా ఇంత జాగ్రత్త పడరు.

దుర్గా ఘాట్ చేరేసరికి తూర్పున ఎర్రబడుతోంది. శ్రావణమాసం, ఏరు నిండుగా ఉంది. కెమెరా తీసి కన్ను పెట్టాను. పెట్టి ఉలిక్కిపడ్డాను. పొగమంచు! బ్యారేజి మొత్తం తెల్లటి మంచులో తేలుతోంది. గేట్లు నీడల్లా కనిపిస్తున్నాయి. శ్రావణంలో, విజయవాడలో, పొగమంచు! ఒళ్ళు జలదరించింది. ఈ ఊరికి ఎండాకాలం, మరీ ఎండాకాలం అని రెండే కాలాలంటారు, అలాంటిది నా కోసం ప్రకృతి ఒక మెట్టు దిగొచ్చిందనుకున్నాను. టపటపా ఓ ఇరవై కొట్టాను.

పక్కన టీ ఫ్లాస్కుతో నిలబడ్డ కుర్రాడు కాసేపు చూసి, "మేడమ్, అద్దానికి చెమట పట్టినట్టుందండి" అన్నాడు.

కెమెరా దించి చూశాను. ఏటి మీద మంచూ లేదు, గించూ లేదు. అవతల సీతానగరం కొండ దాకా అద్దంలా కనిపిస్తోంది. రాత్రంతా ఏసీలో పడుకున్న లెన్సు బయటి ఉక్కలోకి రాగానే ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసాలా చెమట కక్కింది. బ్యాగులోంచి వెంటనే తీయకూడదు, ఓ అరగంట అలా వదిలెయ్యాలి. ఈ ముక్క నేను పదిమందికి చెప్పి ఉంటాను. చున్నీతో తుడిచి, పరువు నిలుపుకోవడానికి టీ కొన్నాను.

ఇక గేట్ల సంగతి. ఘాట్ మీద నుంచి ఏటవాలుగా చూస్తే దగ్గర గేట్లు బారుగా నిలబడతాయి, దూరం వెళ్ళేకొద్దీ ఒకదాని వెనక ఒకటి దూరిపోతాయి. అవతలి చివర గుంటూరు జిల్లా వైపు గేట్లయితే నాకు అసలు మొహమే చూపించడం లేదు. మెట్లెక్కాను, దిగాను, గట్టు మీద వంగాను. 53 దాకా వచ్చాను. ఆరున్నర అయింది. అప్పుడు వెనక నుంచి ఓ గొంతు.

"ఏమ్మా, ఫొటో ఎంతమ్మా?"

పంచె, భుజాన తువ్వాలు, డెబ్భై దాటిన పెద్దాయన. ఆయన చేతుల్లో తొమ్మిది నెలల పిల్లాడు. వెనక ఆడా మగా కలిపి పది మంది. అమ్మవారి మొక్కు తీర్చుకుని వస్తున్నారు. పిల్లాడికి అప్పుడే గుండు చేయించినట్టున్నారు, గంధం ఇంకా ఆరలేదు. కత్తికి దొరక్కుండా కుడి చెవి వెనక ఓ చిన్న వెంట్రుకల కుచ్చు మిగిలిపోయింది. దాని మీద ఎండ పడి బంగారపు తీగలా మెరుస్తోంది.

నేను ఫొటోలమ్మే మనిషిని కాదని చెప్పాలి నిజానికి. కానీ ఆ కుచ్చు చూశాక నోరు రాలేదు. "డబ్బులేం వద్దండి, ఇలా మెట్ల మీద కూర్చోండి" అన్నాను.

ఆ పావుగంట నేను తీసినట్టు నా జన్మలో ఎప్పుడూ తీయలేదు. తాత మనవణ్ణి ఎత్తి పట్టుకున్నాడు. వెనక సూర్యుడు, ముందు గుండు, రెండూ ఒకే సైజులో, ఒకే రంగులో. పిల్లాడు సరిగ్గా అప్పుడే నవ్వాడు. క్లిక్. తెర మీద ఫొటో వెలిగింది. "చూపించమ్మా" అని అందరూ మీద పడ్డారు. నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. తెర మీద ఓ మూల ఏవో చిన్న అక్షరాలున్నాయి. నాకు చత్వారం వచ్చి ఏడాదైంది, కళ్ళజోడేమో బ్యాంకులో సొరుగులో ఉంది. కెమెరాకి సవాలక్ష అక్షరాలుంటాయి, పట్టించుకోలేదు. ఇంకా ఎన్ని ఫొటోలు పడతాయో చూపించే చోట అంకె బదులు ఇంగ్లీషు 'ఇ' ఒకటి మెరుస్తోంది. అంత మంచి ఫొటోకి ఎక్సలెంట్ అంటోంది కాబోలనుకున్నాను.

నా నంబరు తీసుకున్నారు. వద్దంటున్నా పెద్దాయన వంద రూపాయల నోటు, పులిహోర పొట్లం చేతిలో పెట్టాడు. పదేళ్ళ ఫొటోల పిచ్చిలో నాకొచ్చిన మొదటి సంపాదన. అత్తగారికి చూపిద్దామని నోటు మడత పడకుండా పర్సులో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి ఇడ్లీ పొయ్యి మీద పెట్టి, లాప్‌టాప్ తెరిచి, కార్డు తీద్దామని కెమెరా పక్క తలుపు తీశాను. లోపల ఖాళీ. నోట్లోంచి పళ్ళూడిన చిగురులా ఉంది.

"ఏవండీ, కార్డేదండీ?"

"భద్రంగా పెట్టాను" అన్నారాయన పేపర్లోంచి తల ఎత్తకుండా.

మా ఇంట్లో ఈ మాట చాలా ప్రమాదం. భద్రంగా పెట్టిన ఇంటి పన్ను రసీదు కోసం రెండేళ్ళుగా వెతుకుతున్నాం. ఈసారి మాత్రం పిల్ల కంపాస్ బాక్సు తెరిచి, వృత్తలేఖిని కింద నుంచి కార్డు తీసి ఇచ్చింది. "నాన్న దాచమన్నారు. నువ్వు అడగలేదుగా."

అత్తగారి కళ్ళజోడు పెట్టుకుని మెనూ వెతికితే అప్పుడు అర్థమైంది. కార్డు లేకపోయినా షట్టర్ పడనిచ్చే సెట్టింగు ఒకటుంది. షాపుల్లో కొనేవాళ్ళకి చూపించుకోవడానికట. ఫొటో తీస్తుంది, తెర మీద చూపిస్తుంది, మూలన "డెమో" అని నిజాయితీగా రాస్తుంది, ఆ తర్వాత మరిచిపోతుంది. ఆ మెరిసిన 'ఇ' ఎక్సలెంటు కాదు, ఎంప్టీ అయ్యుంటుంది. దానికి మరీ అంత నిజాయితీ ఎందుకు, కొంచెం గొంతెత్తి అరవచ్చుగా.

పిల్ల మాత్రం నాలా కుంగిపోలేదు. 41 గేట్ల ఫొటో అంటించి, పక్కన ఖాళీ చోట 29 గేట్లు స్కెచ్ పెన్నుతో గీసింది. సోమవారం దానికి గుడ్ వచ్చింది, పక్కన ఓ నక్షత్రం.

నాకు సోమవారం పదకొండున్నరకి ఫోనొచ్చింది. కౌంటరు ముందు క్యూ పాములా తిరిగి ఉంది.

"అమ్మా, నేను, గుండు తాతని. ఫొటోలు రాలేదమ్మా."

"సిగ్నల్ లేదండీ, సాయంత్రం పంపుతాను" అన్నాను. మంగళవారం సైజు పెద్దదన్నాను. బుధవారం ఆయన ఫోను చూసి ఎత్తలేదు. కస్టమర్లకి సర్వర్ డౌన్ అని చెప్పీ చెప్పీ నాలిక అలవాటు పడిపోయింది కానీ, నాయనమ్మ కళ్ళు తుడుచుకోవడం గుర్తొస్తే రాత్రి నిద్ర పట్టడం లేదు. గురువారం టెన్షన్ తట్టుకోలేక నేనే చేశాను. కార్డు, కంపాస్ బాక్సు, డెమో, అన్నీ ఏకరువు పెట్టి, మీ వంద మీకు ఫోన్‌పే చేస్తానన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వు. "అంటే తీసినట్టే తీసి, తీయలేదన్నమాట. మా ఊరికి రోడ్డేసినట్టు." ఇంకాసేపు నవ్వి అన్నాడు, "వందెందుకమ్మా, వాడికి జుట్టు మొలిచేలోగా మీరే రండి."

జుట్టు మనకోసం ఆగదు కదా. ఆదివారమే బయల్దేరాం. బందరు రోడ్డు మీద కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి లోపలికి ఓ పల్లె. బయల్దేరే ముందు కార్డు ఉందో లేదో మూడుసార్లు చూశాను. కారెక్కాక ఇంకోసారి. కళ్ళజోడు మెడలో వేలాడుతోంది. లెన్సుకి చెమట పట్టకుండా కారు అద్దాలు దించి ఏసీ లేకుండా వెళ్ళాం, చెమట మాకు పట్టింది.

పిల్లాడి తల మీద అప్పటికే నల్లటి నూగు వచ్చేసింది, చెవి వెనక కుచ్చు అందులో కలిసిపోయింది. తాత గంధం గిన్నెతో సిద్ధంగా ఉన్నాడు. గోడకి సున్నం వేసినట్టు రెండు పూతలు పూసి కాలవ గట్టు మీద కూర్చున్నాడు.

"వెనకాల బ్యారేజి లేదు తాతగారూ" అంది మా అమ్మాయి.

"గేట్లు లేకపోతేనేం తల్లీ, ఈ నీళ్ళు అక్కణ్ణుంచి వచ్చినవేగా."

క్లిక్. పిల్లాడు నవ్వలేదు, గంధం కంట్లో పడి ఏడ్చాడు. పర్లేదు. తెర మీద ఫొటో వెలిగింది. అందరూ మీద పడ్డారు. పెద్దాయన కళ్ళు చికిలించి వేలు పెట్టి చూపించాడు.

"ఇదేంటమ్మా, ఇక్కడ మూలన ఏదో రాసుంది?"

నా గుండె ఆగినంత పనైంది. కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాను.

తేదీ.